ఊళ్లో హత్య, వాకిట్లో చాయ్: ఓరుగల్లు పల్లెల మీద డిటెక్టివ్ కథ రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో నడిచే హత్య కథలు, ఇంగ్లీషులో "కోజీ మిస్టరీ" అంటారే, ఆ హాయిగా చదివించే రకం, కొన్నేళ్లుగా రాస్తున్నాను. రాసేవాళ్లు, రాద్దామనుకుని ఆగినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి ఒక్క ముక్క చాలు.

హత్య కథ హాయిగా ఎట్లా ఉంటుంది?

హాయి చావులో లేదు, ఊళ్లో ఉంది. ఈ రకం కథలో నెత్తురు కనపడదు. పోయినవాడి మీద మనకు ప్రేమ పుట్టకముందే పోతాడు. ఊరి వ్యవహారం తెలిసిన మనిషి, పోలీసు కానివాళ్లు, కూపీ లాగుతారు. చివరికి లెక్క తేలి ఊరు మళ్లీ తన పనిలో పడుతుంది. ఇంగ్లండులో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920, 30ల్లో ఈ తీరు కథలు విపరీతంగా వచ్చాయి. అప్పుడే ఒక కట్టుబాటు కూడా స్థిరపడింది: కూపీ లాగేవాళ్లకు కనపడిన ప్రతి ఆధారం చదివేవాళ్లకూ కనపడాలి. అక్కడి నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఆ కట్టుబాటు ఒక్కటే. చర్చి బదులు పోచమ్మ గుడి, కేకు బదులు సర్వపిండి పెట్టి మిగతాదంతా అట్లే ఉంచితే అది మన ఊరు కాదు, మన ఊరి వేషం కట్టిన ఇంకో ఊరు.

మన ఊళ్లలో అందరి సంగతి అందరికీ తెలుసు. ఇంక మిస్టరీ ఎక్కడిది?

ఎక్కువమంది అడిగేది ఇదే. పట్నం కథలో ప్రశ్న "ఎవరికి తెలుసు?" అని. పల్లె కథలో "తెలిసినోళ్లు ఎందుకు చెప్తలేరు?" అని. ఈ తేడా చేతికి చిక్కితే సగం కథ రాసినట్టే.

ఒక సంగతి అనుకుందాం. మిట్టమధ్యాహ్నం ఒక మనిషి చెరువు కట్ట మీదుగా పోయాడు. కింద మిర్చి తోటలో కాయ ఏరుతున్న పదిహేను మంది చూశారు. ఎస్సై వచ్చి అడిగితే అందరిదీ ఒకటే మాట: "వంగి ఏరుకుంటున్నం సారూ, తలెత్తితే గదా కనవడేది." వీళ్లెవరికీ ఆ మనిషి మీద ప్రేమ లేదు. ఒకామె ఆ రోజు సంఘం మీటింగుకు పానం బాగలేదని చెప్పి కూలికి వచ్చింది. ఇంకొకామె ఇంటివాళ్లకు పక్క చేనువాళ్లతో మూడేండ్ల నుంచి మాటల్లేవు, ఈమె మాత్రం వాళ్ల బోరు దగ్గర నీళ్లు తాగి, కాసేపు కూచుని వచ్చింది. ఇంకొకామె ఆ టైముకు తోటలోనే లేదు, ఇంటికి పోయి మేకపిల్లకు పాలు పట్టి వచ్చింది, కూలి మాత్రం పూర్తిగా తీసుకుంది. "చూసిన" అని ఒక్కరు నోరు తెరిస్తే తక్కినవన్నీ బయటికొస్తాయి. అందుకే ఎవరూ చూడలేదు.

కాబట్టి సాక్షిని రాసేటప్పుడు ముందు ఆ సాక్షి దాచుకునే చిన్న సంగతి ఏమిటో తేల్చుకోండి. పెద్ద సంగతి దాని వెనకాల దానంతటదే దాగుతుంది. మీ కథానాయిక చేయాల్సిన పని కొత్త విషయాలు కనిపెట్టడం కాదు, ఆ చిన్న సంగతి బయటపడదని ఒక్కొక్కరికీ ధైర్యమివ్వడం.

కూపీ లాగేది ఎవరైతే బాగుంటుంది?

రిటైర్డ్ టీచరు వద్దు. నాకొచ్చే పది కథల్లో ఏడింట్లో ఆయనే ఉంటాడు, పాపం ఆయన కూడా అలిసిపోయి ఉంటాడు.

ఇల్లిల్లూ తిరగడానికి కారణం ఉన్న మనిషి కావాలి, పోయిన చోట కూచోమని పీట వేసే మనిషి కావాలి. ఆశ వర్కర్, అంగన్‌వాడీ టీచర్, బ్రాంచి పోస్టాఫీసు నడిపే అమ్మాయి, అందరూ పనికొస్తారు. నా ఓటు మాత్రం మహిళా సంఘాల లెక్కలు రాసే వివోఏకు. ఎవరు నెలనెలా కిస్తీ కడుతున్నారో, మొగనికి చెప్పకుండా ఎవరు అప్పు తీసుకున్నారో, ఆ అప్పు కూతురి ఫీజుకు పోయిందో అల్లుడి బండికి పోయిందో ఆమెకు తెలిసినట్టు బ్యాంకుకు కూడా తెలియదు. ఒక కథలో నా వివోఏ కేసు పట్టుకున్నది ఈ నాలుగు మాటల్లోనే:

"వదినె, నాలుగు నెలలది ఒక్కపారే కడుతున్నవ్. గిన్ని పైసలు ఏడికెల్లి వచ్చినయే?"

"మా తమ్ముడిచ్చిండు."

"మీ తమ్ముడు మొన్న ఐతారమే గద మా ఇంటికి బదులుకు వచ్చిండు."

వదినె జవాబు చెప్పలేదు. పుస్తకం ముందుకు జరుపుకుని సంతకం పెట్టింది, పెట్టాల్సిన గడి వదిలేసి పక్క గడిలో.

ఇట్లా తిరిగే మనిషికి తోడు తిరగని మనిషి కూడా ఒకరు కావాలి. కిరాణం కొట్టు అవ్వ సరిగ్గా సరిపోతుంది. ఎవరు ఎప్పుడు ఏం కొన్నారో ఆమెకు నోటికి ఉంటుంది. ఎప్పుడూ అరకిలో చక్కెర కొనే ఇల్లు రెండు కిలోలు కొంటే చుట్టాలొచ్చినట్టు. చుట్టాలొచ్చిన సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకపోతే అది కథ.

మరి కల్లు మండువ?

తప్పక పెట్టండి, కానీ తాగి వాగే సాక్షి కోసం కాదు. గీత కార్మికుణ్ణి చూడండి. మోకు, ముస్తాదు కట్టుకుని పొద్దున, సాయంత్రం తాటిచెట్టెక్కే మనిషి. ఊళ్లో అంత ఎత్తు నుంచి అన్ని చేన్లనూ చూసేవాడు ఇంకొకడు లేడు. చెట్టు కింద నిలబడ్డవాళ్లు చుట్టూ చూస్తారు గానీ పైకి చూడరు. పైగా ఎవరు ఏ చెట్టు లొట్టికి వాడికగా వస్తారో, ఏ రోజు రాలేదో ఆయనకు పుస్తకం అక్కర్లేదు. నేను రాసిన సాక్షుల్లో నాకు బాగా ఇష్టమైనవాడు ఈయనే. ఆయన కూడా వెంటనే చెప్పడు. ఆ పొద్దు ఆయనెక్కిన చెట్టు ఆయనది కాదు.

ఊరు బయటి ప్రపంచం నుంచి తెగిపోవాలంటారు. మనకు మంచు తుపాన్లు లేవు కదా?

మంచు లేకపోతే ఏం, బొడ్రాయి ఉంది. బొడ్రాయి పండుగంటే ఊరికి నడుమ రాయి పాతడం ఒక్కటే కాదు. ఊరి ఆడబిడ్డలందరినీ పిలుస్తారు, బతకపోయినవాళ్లంతా తిరిగొస్తారు, పొలి చల్లుతూ పొలిమేర కడతారు. కట్టు నడిచేంతసేపు బయటివాళ్లు లోపలికి రావద్దు, లోపలివాళ్లు దాటిపోవద్దు అనే పట్టింపు చాలా ఊళ్లలో ఉంది. అనుమానితులందరినీ ఒకచోట చేర్చి, చుట్టూ గీత గీసి, ఏళ్ల తర్వాత ఎదురుపడ్డ అన్నదమ్ములను ఒకే కప్పు కింద పడుకోబెట్టే సందర్భం ఇంతకన్నా ఏం కావాలి? ఏ దేశపు రచయితకూ దొరకని వరం మన వాకిట్లో ఉంటే, కొందరు ఇప్పటికీ అడవిలో బంగళా, ఆగిపోయిన కారు అంటూ రాస్తున్నారు.

దీనికి తిరగేసిన సందర్భం మేడారం. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి అటూ ఇటూగా జాతర వస్తే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతాయి. ఇంటికి ముసలివాళ్లు, గొడ్లు మిగులుతాయి. ఎవరు పోయారు, ఎవరు పోయినట్టు నటించారు అన్నదే కథ. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వస్తారు. శనివారం వనప్రవేశం. "ఇద్దరమ్మలు ఒక్కరోజే గద్దెకు రావంగ కండ్లార చూసిన" అన్నవాడు జాతరకు పోలేదన్నమాట. మన పాఠకుడు ఆ వాక్యం దగ్గర ఆగుతాడు. బయటి పాఠకుడు ఆగడు, మేడారం పోనివాణ్ణి పట్టుకోవడం ఓరుగల్లు పాఠకుడికి దక్కిన చిన్న ఆనందం.

వాన, వాగు కూడా వాడొచ్చు. వాగు పొంగి కల్వర్టు మునిగితే ఊరు నిజంగానే తెగిపోతుంది. కానీ 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడ్డ రాత్రిని, మోరంచ వాగు ఇళ్ల మీదికి వచ్చిన తెల్లవారుజామును చూసినవాళ్లు మీ కథ చదువుతారు. ఆ వరదను కథకు అలంకారంగా వాడకండి. రెండు రోజులు బస్సు రానంత వాన చాలు.

బస్సంటే గుర్తొచ్చింది, నైటాల్టు బస్సును మర్చిపోవద్దు. రాత్రి వచ్చి పొద్దున పోయే బస్సు ఉన్న ఊళ్లో డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకుంటారు. ఊరిలో ఉంటూ ఊరికి చెందని సాక్షులు వాళ్లిద్దరే. దాచుకోవడానికి వాళ్లకేమీ ఉండదు గనుక చూసింది చూసినట్టు చెప్పేదీ వాళ్లే. అయితే పేర్లు తెలియవు: "తెల్ల తువ్వాల ఆయన" అంటారు. ఊళ్లో తెల్ల తువ్వాల ఎంతమందికి!

శవం దొరికాక పోలీసులు ఏం చేస్తారు? ఎంత వరకు రాయాలి?

కొంచెం సరిగ్గా రాస్తే కథకే లాభం. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. అంతకుముందు జరిగిన కథైతే హత్యకు 302, అనుమానాస్పద మృతికి 174 అని రాయండి. ఆ తేదీ తర్వాతైతే భారతీయ న్యాయ సంహిత 103, నాగరిక్ సురక్షా సంహిత 194. ఊళ్లో మాత్రం ఇంకా "మూడొందల రెండు" అనే అంటారు, మాటల్లో అదే ఉంచండి, కాగితం మీద మార్చండి.

ఇక అసలు సంగతి. శవ పంచనామా చేసేటప్పుడు ఇరుగుపొరుగు పెద్దమనుషులు ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో దగ్గర ఉండాలని చట్టమే చెప్తుంది. ఒంటి మీద ఏ గాయం ఎక్కడుందో వాళ్ల ముందే రాయాలి. అంటే మీ వివోఏను పంచుగా, అంటే పంచనామా సాక్షిగా, పిలిపిస్తే చాలు, శవాన్ని దగ్గరి నుంచి చూసే హక్కు ఆమెకు దొరికింది. కిటికీలోంచి తొంగి చూడనక్కర్లేదు, కానిస్టేబుల్‌ను బతిమాలనక్కర్లేదు. "సంతకం పెట్టు అమ్మా" అని ఎస్సై కాగితం ఇస్తే, ఆమె కళ్లు శవం చెప్పుల మీద ఉన్నాయి: రెండూ ఎడమకాలివే.

తర్వాత శవాన్ని దగ్గరి సర్కారు దవాఖానకో వరంగల్ ఎంజీఎంకో తీసుకుపోతారు. పొద్దుగూకాక పోస్టుమార్టం చేయొచ్చని కేంద్రం 2021 నవంబరులో అనుమతి ఇచ్చింది గానీ, హత్య, ఆత్మహత్య లాంటి అనుమానం ఉన్నవాటిని అందులోంచి తప్పించింది. శాంతిభద్రతల ఇబ్బంది ఉంటే తప్ప అవి పగలే. కాబట్టి సాయంత్రం శవం దొరికితే పొద్దున దాకా ఎవరికీ ఏమీ తెలియదు. ఊరంతా మేలుకుని ఉండే ఆ ఒక్క రాత్రి కథకు బంగారం. మంటలు వేసుకుని కూచున్న చోటల్లా మీ కథానాయికను కూచోబెట్టండి.

క్లూస్ టీం, కుక్కల స్క్వాడ్ వస్తాయి, రానివ్వండి. కుక్క బొడ్రాయి దాకా పోయి ఆగుతుంది, పిల్లలు చుట్టూ మూగుతారు. పోలీసును బఫూన్ చేయకండి. సీఐకి పది కేసులుంటాయి, ఊరు కొత్త, మాట కొత్త. తెలివి తక్కువై కాదు, వాకిట్లో కూచునే టైము లేక ఆయనకు తెలియదు.

అందర్నీ కూచోబెట్టి హంతకుణ్ణి బయటపెట్టే సీను ఎక్కడ పెట్టాలి?

దినాల దగ్గర. పదకొండో రోజు టెంటు కింద. రాకపోతే మాటొస్తుంది గనుక అందరూ వస్తారు, హంతకుడు అందరికన్నా ముందొచ్చి కుర్చీలు వేస్తాడు. దానికన్నా ముందు మూడో రోజు ఉంది, పిట్టకు పెట్టడం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ కదలరు. కాకి రాకపోతే మొదలవుతుంది: "ఏదో మనసుల పెట్టుకునే పోయిండు." ఒక్కొక్కరూ ముందుకొచ్చి మొక్కుతారు, "నీ పిల్లల్ని మేం జూస్కుంటం", "నీ బాకీ నేను గడ్త" అని మాటిస్తారు. ఎవరేం మాటిచ్చారో వింటూ ఉంటే చాలు. ఒకాయన ఎవరూ అడగకుండానే "ఆ గెట్టు జోలికి నేను పోనే" అన్నాడు. గెట్టు పంచాయితీ ఉందని అప్పటిదాకా పోయినవాడికి, ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఒప్పుకోలు గురించి ఒక మాట. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో నేర రుజువుగా చెల్లదు. కస్టడీలో ఉండగా చెప్పింది మేజిస్ట్రేటు ఎదుటైతే తప్ప చెల్లదు. పాత సాక్ష్యాధార చట్టంలో 25, 26 సెక్షన్లు, ఇప్పుడు సాక్ష్య అధినియంలో 23. చెప్పిన మాటను బట్టి వస్తువేదైనా దొరికితే ఆ మేరకు పనికొస్తుంది. అదే మనిషి అరెస్టు కాకముందు రావిచెట్టు గద్దె మీద ఒక అవ్వకు తనంతట తాను చెప్పుకుంటే? అది సాక్ష్యం. బలహీనమైనదే, తోడుగా ఇంకేదైనా ఉండాలి, కానీ సాక్ష్యం. ఈ రకం కథలో పోలీసు కాని మనిషి ఎందుకుండాలి అని అడిగేవాళ్లకు మన చట్టమే జవాబు చెప్తోంది. ఎస్సై టెంటు వెనక నిలబడి, జీపు ఊరి బయటే ఆపి, "నువ్వే మాట్లాడు అక్కా" అనడానికి ఇదొక మంచి కారణం.

హత్యకు కారణం ఏం పెట్టాలి? వారసత్వం, విల్లు లాంటివి మన దగ్గర నడుస్తాయా?

విల్లు ఎందుకు, తెల్లకాగితం ఉండగా! సాదా బైనామా తెలంగాణ పల్లెకు పుట్టిన మోటివ్. ముప్పై ఏండ్ల కింద ఒకరు తెల్లకాగితం మీద రెండెకరాలు అమ్మారు, ఇంకొకరు కొని దున్నుకుంటున్నారు. రిజిస్ట్రేషను లేదు, ఇద్దరి మధ్యా నమ్మకం ఉంది. 2018 మేలో రైతుబంధు వచ్చి, పాసుబుక్కు ఎవరి పేరున ఉంటే వాళ్లకు ఎకరాకు పంటకు 4 వేలు, మొదటి పంటకు చెక్కుగా, తర్వాతి పంట నుంచి ఖాతాలోకి అందాయి. అమ్మినాయన కొడుకులు హైదరాబాదులో ఉన్నారు. తమకు భూమి ఉందని వాళ్లకు ఫోన్‌లో వచ్చిన మెసేజీ చెప్పింది. కాగితం మీద వేలిముద్రలు వేసిన సాక్షులు ముగ్గురిలో ఇద్దరు పోయారు. మిగిలిన మూడో ముసలాయనే మీ కథలో చచ్చిపోవాల్సింది.

2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా ఇంకొకటి. పాసుబుక్కున్న రైతు 18 నుంచి 59 ఏండ్ల మధ్య ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు. ఇక్కడ తమాషా వయసులో ఉంది. పుట్టిన రోజు తెలియని తరానికి ఆధార్‌లో జనవరి 1 అనే పడింది. ఊరి లెక్కలో 62 ఏండ్ల మనిషి కార్డు లెక్కలో 59. ఇంకొన్నాళ్లయితే బీమా వయసు దాటిపోతుందనగా పోయాడు. అవ్వలు వేళ్ల మీద లెక్కేసి, ఒకరి మొహం ఒకరు చూసుకునే సీను రాయండి.

ప్రేమ, పగ, చిట్టీ డబ్బులు ఎప్పుడూ ఉన్నవే.

విషం?

వద్దు. పురుగుమందు డబ్బా పేరు వింటే కడుపులో దేవినట్టయ్యే ఇళ్లు ఈ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. దాన్ని పజిల్ ముక్క చేయడం నాకు చేతకాదు. చేతబడి అనుమానం మీద మనుషులను కొట్టి చంపిన ఘటనలూ అంతే, వాటిలో హాయి లేదు. మోట బావి గట్టు, గిర్నీ మెట్లు, ఒక్క తోపుడు చాలు. చావు ఎట్లా జరిగిందన్నది ఈ కథల్లో అరపేజీ పని.

ఆధారాలు ఎట్లా పెట్టాలి?

సిగరెట్ పీకలు, చిరిగిన ఉత్తరాలు వదిలేయండి. మన చేతిపనిలోంచి తీయండి.

నా మొదటి కథలో హంతకుడు రాత్రి వచ్చి తలుపు కొట్టాడు. చదివిన మా మేనత్త పుస్తకం కింద పెట్టి, "మన దగ్గర తలుపు కొట్టేదెవరే? గల్మల నిలవడి, ఉన్నరా ఇంట్ల, అంటరు" అంది. తప్పు దిద్దలేదు, దాన్నే ఆధారం చేసుకున్నాను. గోడవతల పడుకున్న ముసలామె పిలుపు వినలేదు, తలుపు చప్పుడు విన్నది. అంటే వచ్చినవాడు ఊళ్లో పెరిగినవాడు కాదు, లేదా తన గొంతు గుర్తుపడతారని భయపడ్డవాడు.

సకినాల మీద ఒక కథ రాశాను. సంక్రాంతి ముందు నలుగురు ఆడవాళ్లు ఒక ఇంట్లో చేరి, నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్లతో మెలిపెడుతూ, తెల్లబట్ట మీద చుట్లు పోస్తారు. ఎవరి చేయి వాళ్లదే. ఒకరి మెలిక దగ్గరదగ్గరగా పడుతుంది, ఒకరిది సాగుతుంది. పోయినామె డబ్బాలో ఐదు సకినాలు మాత్రం మెలిక అటు వైపు తిరిగి ఉన్నాయి. ఎడమచేతి వాటం ఉన్నది ఊళ్లో ఒక్క తోటికోడలికే, ఆమెకూ పోయినామెకూ ఆరేండ్లుగా మాటల్లేవు. "సకినం తిరగేస్తే చుట్టు కూడా తిరగబడుతుంది కదండీ" అని ఒక పాఠకుడు పట్టుకున్నాడు. చుట్టు తిరగబడుతుంది, మెలిక తిరగబడదు. తాడు పేనినట్టే, ఏ వైపు నుంచి చూసినా ఒకటే. నమ్మకపోతే ఒక తాడు తీసి చూడండి. ఈ కథ మీద నాకు వచ్చినన్ని ఉత్తరాలు దేనికీ రాలేదు, సగం సకినాల కొలతలు అడుగుతూ.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆడరు. "ఆరో దినం పొద్దుమూకి నేను బతుకమ్మ కాడ్నే ఉన్న" అన్న మాట అక్కడికక్కడే దొరికిపోతుంది. ఊరికో పద్ధతి ఉంటుంది గనుక మీ కథలోని ఊరు ఏ పద్ధతో ముందే ఒక వాక్యంలో చెప్పేయాలి, లేకపోతే పాఠకుణ్ణి మోసం చేసినట్టు.

కాలం కూడా ఆధారమే. "రాత్రి రెండింటికి మోటరు వేయబోయిన" అని రైతు చెప్తే 2014 కథలో ఎవరూ అనుమానించరు, కరెంటు వచ్చేదే అప్పుడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక, అదే మాటకు పక్కింటాయన బీడీ ఆపి చూస్తాడు. జిల్లా పేర్లూ చూసుకోండి. 2016 అక్టోబరులో పాత వరంగల్ ముక్కలైంది, ములుగు 2019లో విడిగా వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు ఉత్త వరంగల్‌గా మారాయి. మీ పాత్ర చేతిలోని కాగితం మీద జిల్లా పేరు తప్పుంటే అది దొంగ కాగితమైనా కావాలి, మీ పొరపాటైనా కావాలి.

ఫోన్లు, సీసీ కెమెరాలు ఉన్నాక ఇంకా దాగేదేముంది?

ఫోను మనిషితో ఉండాలని ఏముంది? చార్జింగుకు పెట్టి చేనుకు పోయేవాళ్లే ఎక్కువ. ఒక్క ఫోను ఇంటిల్లిపాదీ వాడతారు. కెమెరా బస్టాండు దగ్గర ఉంటుంది, కోతులు దాని మొహం ఆకాశం వైపు తిప్పేస్తాయి. ఊరి వాట్సాప్ గ్రూపును వాడండి. శవం దొరికిన పావుగంటలో రెండొందల మంది "ఓం శాంతి" పెడతారు. పెట్టనివాళ్లను చూడండి, అందరికన్నా ముందు పెట్టినవాణ్ణి కూడా.

యాస ఎంత రాయాలి?

మాటల్లో పూర్తిగా, కథనంలో మీకు అలవాటైనంత. "గట్ల, గిట్ల" చల్లితే యాస కాదు. వరుసలు ముఖ్యం. ఊళ్లో ఎవరూ ఎవరినీ ఉత్త పేరుతో పిలవరు: కాకా, చిన్నవ్వా, బావా, వదినె, తాతా. కులం వేరైనా వరుస ఉంటుంది. నిన్నటిదాకా "కాకా" అన్నవాడు ఇవాళ "ఆయన" అంటే అక్కడ ఏదో తెగింది, అది ఆధారమే. టైము కూడా గడియారంలో చెప్పించకండి. "అంబటాల్లకు చూసిన" అంటారు. ఎస్సై అంబటాలంటే ఎన్నింటికి అని అడుగుతాడు. నలుగురు నాలుగు చెప్తారు, ఎనిమిది నుంచి పది దాకా. ఆ రెండు గంటల సందులో హత్య జరగొచ్చు.

కులం సంగతి రాయాలా?

వాడలు లేని ఊరు రాస్తే అది పటం, ఊరు కాదు. ఎవరు వాకిట్లో ఆగుతారు, ఎవరు వంటింటి దాకా పోతారు అన్నది తెలియకుండా ఎవరు ఏం చూశారో రాయలేం. అయితే హంతకుడి వాడ చూసి పాఠకుడు ముందే ఊహించేలా ఉంటే మీ కథ అక్కడే చెడింది.

నిజంగా జరిగిన కేసు తీసుకోవచ్చా?

నేను తీసుకోను. పోయినవాళ్ల ఇంట్లో ఇంకా ఫోటోకు దండ వాడిపోయి ఉండదు. ఊరి పేరు కూడా కల్పించే పెట్టండి, పక్క ఊరు, మండలం మాత్రం నిజమైనవి ఉండొచ్చు.

మీ ఊరివాళ్లు గుర్తుపట్టి గొడవ పడలేదా?

పడ్డారు. పుస్తకం వచ్చిన నెలకు ఊరికి పోతే కిరాణం కొట్టు ముందే నన్ను ఆపింది అవ్వ. కథలో ఆమె అనుమానితుల్లో రెండోది, ఎనభై పేజీలు ఆమే చంపిందనిపించేలా రాశాను. దాని గురించే అనుకుని చేతులు జోడించబోయాను.

"నన్ను ఖూనీ జేసినోళ్లల్ల పెట్టినవ్, మంచిగ పెట్టినవ్ బిడ్డా. గని నా కందిపప్పుల రాళ్లున్నయని ఎట్ల రాసినవ్? రేపు నా దుకాణం కాడికి ఎవడస్తడు?"

రెండో ముద్రణలో రాళ్లు తీసేశాను. అనుమానితుల్లో ఉంచాను.